ఇంట్లోవాళ్లు వచ్చేదాకా ఆగకండి

విశాఖపట్నం నుంచి ఒమాన్ రాజధాని మస్కట్ వెళ్లి, అక్కడి ఇండియన్ స్కూళ్లలో పాఠాలు చెబుతున్న టీచర్లకి ఇంటి ఫోన్లలో ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "వెళ్లింది నాలుగు డబ్బులు వెనకేసుకోడానికా, ఊళ్లు తిరగడానికా?" అడిగేది అత్తగారు కావచ్చు, పెదనాన్నగారు కావచ్చు. మధురవాడలో ఫ్లాటు లోను, పిల్లాడి కోచింగ్ ఫీజు, నాన్నగారి మందులు, ఇవన్నీ నెలనెలా పంపే డబ్బు మీదే నడుస్తున్నప్పుడు ఆ మాటలో అసలు న్యాయం లేదనలేం. దానికి జడిసి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. ఆయన, పిల్లలు విజిట్ వీసా మీద వచ్చినప్పుడు అందరం కలిసే చూద్దాం, అప్పటిదాకా స్కూలు, రూము, సరుకులు, అంతే.

ఆ నిర్ణయం తప్పని నా గట్టి అభిప్రాయం. చూడాల్సినవి తోటి టీచర్లతో ముందే చూసెయ్యాలి. ఇంట్లోవాళ్ల మీద ప్రేమ తక్కువై కాదు, వాళ్లు వచ్చే ఆ పదిహేను రోజులు పాడవకుండా ఉండాలంటే కూడా అదే దారి.

కార్తీకమాసం వచ్చిందంటే విశాఖలో ఏ బడి స్టాఫ్‌రూమ్‌లోనైనా ముందు తేలాల్సింది వనభోజనాల సంగతి. కంబాలకొండా, తొట్లకొండా, భీమిలి దగ్గర ఎవరిదైనా తోటా అని వారం రోజులు చర్చ. ఉసిరిచెట్టు కింద విస్తరి వేసుకుని కూర్చుంటే లెక్కల మాస్టారికీ హిందీ మేడమ్‌కీ మధ్య ఏడాదిగా నలుగుతున్న టైంటేబుల్ తగువు సగం అక్కడే తీరిపోతుంది. దాన్ని ఎవరూ దుబారా అనరు. అదే టీచర్లు మస్కట్‌లో శుక్రవారం పొద్దున్న కారు మాట్లాడుకుని, పాత కోట ఉన్న నిజ్వా ఊరికి వెళితే విలాసం ఎలా అవుతుంది? నిజానికి అవసరం అక్కడే ఎక్కువ. ఇక్కడ జ్వరమొస్తే పక్కవాటా పిన్నిగారు చారు కాచి పట్టుకొస్తారు. అక్కడ రాత్రి రెండింటికి కడుపునొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది పక్క సెక్షన్ టీచరే. ఆ మనిషితో స్టాఫ్‌రూమ్ బయట ఒక్క పూటైనా గడపకపోతే, ఆ రాత్రి ఫోన్ చెయ్యడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఇక డబ్బు సంగతి. లెక్క వేసి చూడకుండా భయపడుతున్నారు గనక ఒక్క రోజు ప్రయాణాన్ని విప్పి చూద్దాం. మస్కట్ నుంచి సూర్ దారిలో బిమ్మా దగ్గరి నీటిగుండం, అది దాటాక తీవి ఊరి దగ్గర వాదీ షాబ్ అనే కొండవాగు లోయ. రానూపోనూ 300 కిలోమీటర్లు. చిన్న కారు అద్దె రోజుకి సుమారు 12 ఒమానీ రియాళ్లు. లీటరుకి 15 కిలోమీటర్లు వచ్చినా 20 లీటర్లు. లీటరు పెట్రోలు పావు రియాలు లోపే కాబట్టి 5 రియాళ్లు. వాదీ షాబ్‌లో పడవలో నీటి పాయ దాటడానికి మనిషికి రియాలు చొప్పున 4. నీళ్లు, ఐసు, టీలకి 3. మొత్తం 24. నలుగురు పంచుకుంటే తలా 6 రియాళ్లు, అంటే మన డబ్బులో సుమారు 1,350 రూపాయలు. విశాఖలో నలుగురు కలిసి కారు మాట్లాడుకుని అరకు వెళ్లొచ్చినా ఇంచుమించు అంతే పడుతుంది. నెలకి ఒక్కసారి, అదీ చలికాలం నెలల్లో. దీనివల్ల ఇంటికి పంపే డబ్బు ఆగదు.

డబ్బు జారిపోయే చోట్లు వేరు. ఒకటి హోటల్ భోజనం, రెండు మస్కట్‌లోని పాత బజారు మత్రా సూక్‌లో సాంబ్రాణి, ఖర్జూరాలు, "పిల్లకి బాగుంటుంది" అనిపించే ప్రతి వస్తువూ. రెండోదానికి మందు లేదు, పర్సులో తక్కువ పెట్టుకు వెళ్లడమే. మొదటిదానికి మాత్రం పులిహోర ఉంది. నలుగురికి ఒక పూటకి 600 గ్రాముల బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు, పోపులో నూనె కాస్త ధారాళంగా. ముందు రోజు రాత్రే పులుసు ఉడికించి పెట్టుకుని, తెల్లవారుజామున అన్నం వార్చి, బాగా చల్లారాకే కలిపి డబ్బాలో పెట్టాలి. వేడిమీద మూతపెడితే ఆవిరి నీరై మధ్యాహ్నానికి జిగురొచ్చేస్తుంది. దద్దోజనం చేసేవాళ్లు పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోసి ఒక్క చెంచా తోడు వెయ్యాలి. పొద్దున్నే గట్టి పెరుగుతో కలిపింది ఆ ఎండకి పదకొండింటికే పులిసి ఊరుకుంటుంది. నీళ్లు మాత్రం తలా మూడు లీటర్లు. అంతకంటే తక్కువ పట్టుకెళ్లి చెట్టులేని చోట ఒకరి సీసా ఒకరు చూసుకునే స్థితి తెచ్చుకోకూడదు.

డబ్బు వసూలు ముందే అయిపోవాలి. బయల్దేరే ముందు తలా 10 రియాళ్లు ఒక కవరులో వెయ్యడం, ఖర్చంతా అందులోంచే ఒక్కరే పెట్టడం, మిగిలింది కారు దిగకముందే పంచెయ్యడం. "తర్వాత చూసుకుందాం మాస్టారూ" అన్న చోటే తేడాలు మొదలవుతాయి. రెండు రియాళ్ల బాకీ స్టాఫ్‌రూమ్‌లో రెండు నెలలు మాటల్లేకుండా చేస్తుంది. ఇంకో మాట: కారు నడిపేవాళ్ల దగ్గర పెట్రోలు వాటా తీసుకోకూడదని నేనంటాను. వెనక సీట్లో ముగ్గురు నిద్రపోతుంటే 300 కిలోమీటర్లు రోడ్డు చూస్తూ కూర్చున్న మనిషి వాటా అప్పటికే చెల్లిపోయింది.

నడిపే మనిషి దగ్గరే అసలు చిక్కు. ఒమాన్‌లో రెసిడెంట్ కార్డు వచ్చాక మన లైసెన్సు చెల్లదు. అక్కడ డ్రైవింగ్ నేర్చుకుని, పరీక్ష పాసై ఒమానీ లైసెన్సు తీసుకోవాలి. అందుకని స్టాఫ్‌లో లైసెన్సు ఉన్నవాళ్లు ఒకరిద్దరే ఉంటారు, ప్రతి ట్రిప్పు భారం వాళ్ల మీదే పడుతుంది. అద్దె కాగితంలో ఎవరి పేరుందో వాళ్లే నడపాలి. పేరు రాయించని మనిషి "కాసేపు నేను పడతాలెండి" అని స్టీరింగ్ తీసుకుని ఎక్కడైనా తగిలిస్తే ఇన్సూరెన్సు రాదు. నష్టమంతా కాగితం మీదున్న మనిషి జేబులోంచి పోతుంది. కాబట్టి ఇద్దరికి లైసెన్సుంటే ఇద్దరి పేర్లూ ముందే రాయించాలి. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా వీడియో తీసి, ఉన్న గీతలు కాగితం మీద వేయించుకోవాలి. హైవే మీద 120 దాటితే కెమెరాలు పట్టుకుంటాయి. జరిమానా ఆ రోజు తెలీదు, తర్వాతెప్పుడో అద్దెకి తీసుకున్న మనిషి లెక్కలో పడుతుంది. దాన్ని కూడా నలుగురూ పంచుకోవాలని ముందే అనుకోవడం మంచిది.

గురువారం రాత్రి ఒంటిగంటదాకా పేపర్లు దిద్దిన మనిషి శుక్రవారం ఐదింటికి స్టీరింగ్ ముందు కూర్చోకూడదు. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు కదా, పరీక్షల రోజుల్లో ఆ రెండు రోజులూ కట్టలు దిద్దడానికే సరిపోతాయి. మార్కులు ఎక్కించాక వచ్చే మొదటి శుక్రవారమే ప్రయాణానికి మంచి రోజు. చీకటిపడ్డాక లోపలి రోడ్ల మీద ఉండొద్దు. ఒంటెలు రోడ్డెక్కుతాయి. పొడుగు కాళ్ల జంతువు కావడంతో బంపరు దాని కాళ్లని తీసేస్తుంది, ఒళ్లంతా అద్దం మీద పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తిరుగుముఖం పట్టాలన్న నియమానికి కారణం అదే.

కారులో నలుగురే వెళ్లాలి. ఐదో మనిషి ఎక్కితే మధ్య సీటు కోసం పైకి చెప్పని బాధ మొదలవుతుంది. ముందు సీటు హెచ్.ఓ.డి. గారికో వయసులో పెద్దవారికో కాక, ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవాళ్లకి ఇవ్వాలి. అరకు బస్సులో కిటికీ సీటు ఎవరికిచ్చేవారో గుర్తుచేసుకుంటే చాలు. స్కూలు కబుర్లు మొదటి టీ దగ్గర ఆపెయ్యాలి. అలా ఆపకపోతే మరో స్టాఫ్ మీటింగుకి డబ్బిచ్చి వెళ్లినట్టుంటుంది.

ఆడ టీచర్ల విషయం విడిగా చెప్పాలి. భర్తనీ పిల్లల్నీ గాజువాకలోనో గోపాలపట్నంలోనో వదిలి వెళ్లినవాళ్లు బోలెడంతమంది. "ఫలానా మేడమ్ మగవాళ్లతో కారులో తిరుగుతోందట" అన్న కబురు మస్కట్ నుంచి విశాఖకి ఒక్క పూటలో చేరుతుంది. దానికి భయపడి రూములో కూర్చోవడం పరిష్కారం కానే కాదు. వెళ్లే ముందే ఇంట్లో చెప్పాలి: ఎవరెవరు వస్తున్నారు, కారు నంబరు, నడిపేవాళ్ల ఫోన్ నంబరు, ఎన్నింటికి తిరిగొస్తారు. ఆ నలుగురిలో ఒకరితో భర్త ఒకసారి వీడియోలో మాట్లాడితే సగం అనుమానాలు పోతాయి. ఆడ టీచర్లలో ఒక్కరైనా లైసెన్సు తీసుకోవడం ఇంకా మంచిది. ఆ ఒక్క లైసెన్సు నలుగురికీ స్వేచ్ఛ. దాని ఖర్చు నలుగురూ తలా కొంత వేసుకున్నా నష్టం లేదు.

ఇప్పుడు వాదీ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ప్రాణాలు పోయేది ఇక్కడే. ఉత్తరాంధ్రవాళ్లకి వాదీ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పొచ్చు, గెడ్డ, అంటే కొండవాగు. ఏజెన్సీ కొండల్లో ఎక్కడో వాన పడితే కింద ఎండగా ఉన్నా గెడ్డ పొంగుతుంది, దాటుతున్నవాళ్లని తీసుకుపోతుంది. పాడేరు వైపు పనిచేసిన ఏ టీచర్‌ని అడిగినా చెబుతారు. ఒమాన్‌లో అదే ఇంకా వేగంగా జరుగుతుంది. అక్కడి కొండల మీద నీటిని పట్టి ఉంచే అడవిగానీ మట్టిగానీ లేదు, అంతా బోడి రాయి. పడ్డ చినుకు పడ్డట్టే కిందికి జారుతుంది. నెత్తిమీద నీలాకాశం, ఎక్కడో దూరంగా కొండమీద మబ్బు, కాసేపటికే గోడలా నీళ్లు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఇలాంటి వరదలోనే బడిపిల్లలున్న వాహనం ఒకటి కొట్టుకుపోయి పసివాళ్లు పోయారు. ఆ వార్త టీచర్లు ఎవరూ మరిచిపోకూడదు. పారుతున్న వాదీలోకి కారు దించడం అక్కడ శిక్ష పడే నేరం కూడా. ముందు రోజు రాత్రి వాతావరణ హెచ్చరిక చూడాలి. కొండలవైపు మబ్బుందంటే ప్రోగ్రాం మార్చుకుని మత్రా సముద్రపొడ్డున కూర్చోవాలి. "కారు అద్దె కట్టేశాం కదా" అన్న ఆలోచన రాకూడదు. పన్నెండు రియాళ్లు పోతే పోయాయి.

వాదీ షాబ్ చూడ్డానికి ఎంత అందమో, దిగితే అంత ఓపిక కావాలి. హైవే వంతెన కింద కారు పెట్టి, పడవలో నీటి పాయ దాటి, నలభై ఐదు నిమిషాలు రాళ్ల మీద నడవాలి. మొదట ఖర్జూరపు తోటలు, తర్వాత రెండువైపులా నిలువు రాయి. ఆ తర్వాత కాలిదారి ఆగిపోతుంది, ముందుకెళ్లాలంటే నీళ్లలో దిగి ఈదాలి. చివర రాతిగోడలో తలకాయ పట్టేంత సందు, దాని అవతల గుహలో జలపాతం. సముద్రం పక్కన పుట్టినంత మాత్రాన మనకి ఈత వచ్చినట్టు కాదు. ఆర్కే బీచ్‌లో మోకాలిదాకా దిగి అలకి ఎదురునిలబడ్డం వేరు, కాలు అందని మంచినీటి మడుగులో ఈదడం వేరు. ఉప్పునీటిలో తేలినంత తేలిగ్గా మంచినీటిలో మనిషి తేలడు. ఈత రానివాళ్లు మొదటి మడుగు దగ్గరే ఆగాలి, లేదా లైఫ్ జాకెట్ తీసుకెళ్లాలి. ఆగినవాళ్లతో ఇంకొకరు ఆగాలి, ఒంటరిగా వదిలెయ్యొద్దు. అరిగిన చెప్పులు, రబ్బరు స్లిప్పర్లు వద్దు. నాచు పట్టిన రాయి మీద మడమ జారితే నలభై ఐదు నిమిషాల దారి మోసుకురావడానికి ఇద్దరు కావాలి. లోయలో ఫోన్ సిగ్నలు ఉండదు కాబట్టి పడవ దగ్గరే "ఇన్నింటికి బయటికొస్తాం" అని బయటున్న ఒక టీచర్‌కి మెసేజ్ పెట్టి లోపలికి వెళ్లాలి. అక్కడి అత్యవసర నంబరు 9999. ఒంటికి అతుక్కునే తడి బట్టల గురించి కూడా ముందే ఆలోచించాలి: ముదురు రంగు పొడుగు చేతుల టీషర్టు, లెగ్గింగ్స్ అయితే నీళ్లలోనూ బాగుంటుంది, ఊరివాళ్ల మర్యాదకీ సరిపోతుంది.

ఏ చోట్లకి వెళ్లాలన్న దగ్గర చాలామందితో నాకు పేచీ ఉంది. అందరూ ముందు అడిగేది సలాలా. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా ఖరీఫ్ అని పిలిచే వానకారులో అక్కడ తుంపర, పొగమంచు, పచ్చటి కొండలు. గల్ఫ్ వాళ్లకి అది స్వర్గమే. కానీ శ్రావణమాసంలో అనంతగిరి ఘాట్ ఎక్కినవాళ్లకి అందులో కొత్తేముంది? మస్కట్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు, అదీ రెండు రోజుల సెలవులో పోయి రావాలని ఆరాటపడటం మంచిది కాదు. ఈద్ సెలవులు కలిసొస్తే విమానంలో వెళ్లండి. బీచ్‌లూ అంతే. రుషికొండ చూసిన కళ్లకి కురుమ్ బీచ్ కోసం శుక్రవారం ఖర్చుచెయ్యక్కర్లేదు, వారం మధ్యలో సాయంత్రం నడకకి చాలు. మన దగ్గర లేనివి చూడాలి. బిదియ్యా దగ్గర ఇసుక ఎడారి, జెబెల్ షమ్స్ లోయ, నిజ్వా. ఎడారిలోకి చిన్న కారు తీసుకెళ్లకండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైనా టైర్లలో గాలి 15 నుంచి 18 పాయింట్లకి తగ్గించాలి, టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తిరిగి తారురోడ్డు ఎక్కగానే గాలి కొట్టించాలి. జెబెల్ అఖ్దర్ కొండకి కూడా చిన్న కారు పనికిరాదు, బిర్కత్ అల్ మౌజ్ చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ కాని బండిని వెనక్కి పంపేస్తారు. దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి, బ్రేకు మీదే కాలుంచితే కాలిపోతుంది. ఏప్రిల్‌లో వెళితే అక్కడి గులాబీ తోటలు, పన్నీరు తీసే ఇళ్లు చూడొచ్చు.

మినహాయింపు ఒకటుంది. తాబేళ్లు మనకీ ఉన్నాయి, అయినా తాబేళ్లు గుడ్లు పెట్టే రాస్ అల్ జింజ్ తీరానికి వెళ్లాలి. మన సాగర్‌నగర్ ఒడ్డుకి చలికాలంలో వచ్చేవి ఆలివ్ రిడ్లేలు, చిన్నవి. అక్కడ గుడ్లు పెట్టేవి వంద కిలోలు దాటే పచ్చ తాబేళ్లు. రాత్రి గైడు వెంట చీకట్లో నిలబడి చూడాలి, మన టార్చీలూ ఫ్లాషులూ పనికిరావు. సైన్సు మేడమ్‌లు ఒక్కసారైనా చూడాలి. రాత్రి అక్కడో సూర్‌లోనో ఉండాలి, చూసిన వెంటనే మస్కట్ బయల్దేరకూడదు.

నిజ్వా మాత్రం టీచర్లకోసమే ఉన్న ఊరనిపిస్తుంది. శుక్రవారం పొద్దున్న ఏడింటికల్లా చేరితే మేకల సంత. అమ్మేవాళ్లు మేకల్ని పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ధర అరుస్తారు, కొనేవాళ్లు రెండువైపులా కూర్చుని, నచ్చినదాన్ని ఆపి పళ్లూ పొదుగూ చూసి అంచనా కడతారు. మన ఏజెన్సీ సంతలు తెలిసినవాళ్లకి సొంత ఊరొచ్చినట్టుంటుంది. తర్వాత కోట. తలుపు పైన ఉన్న కన్నం చూడ్డం మరిచిపోవద్దు, దాడికొచ్చినవాళ్ల మీద మరిగే ఖర్జూరపు పాకం పోసేది దాంట్లోంచే. నమాజు వేళకి దుకాణాలు మూసేస్తారు గనక అప్పుడు ఫలజ్ దారిస్ దగ్గరికి వెళ్లాలి. ఫలజ్ అంటే ఎక్కడో కొండ అడుగున ఉన్న నీటిని మోటారు లేకుండా, వాలు మీదే కిలోమీటర్ల దూరం ఊళ్లోకి తెచ్చే కాలువ. ఒమాన్‌లో ఇలాంటివాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ నీళ్లు ఒక వరసలో వాడతారు: ముందు తాగడానికి, తర్వాత మసీదు, స్నానాలు, ఆఖరుకి తోటలు. తోటలకి నీరు వంతుల ప్రకారం, కాలం కొలిచి ఇస్తారు. పగలు నీడనీ రాత్రి చుక్కల్నీ చూసి కొలిచేవారు. చెరువు నీటి వంతుల మీద తగువులు చూసిన పల్లెటూరి టీచర్‌కి ఇది చటుక్కున బోధపడుతుంది. భిన్నాలు, నిష్పత్తి, వాలు, నీడతో కాలం కొలవడం, నాలుగు పాఠాలున్నాయి అందులో. ఆదివారం క్లాసులో ఆ కాలువ బొమ్మ బోర్డు మీద గీసిన టీచర్‌ని ఒమాన్‌లోనే పుట్టి పెరిగిన పిల్లలు వేరే కళ్లతో చూస్తారు. తమ ఊరి గురించి మేడమ్‌కి తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

ఇంట్లోవాళ్లు లేకుండా చూస్తున్నామన్న బాధ మాత్రం ఉంటుంది, దాన్ని కాదనడం అబద్ధం. అది పెరిగేది చాలావరకు ఫోన్ వల్లే. మనకన్నా వాళ్ల గడియారం గంటన్నర వెనక. ట్రిప్పు నుంచి తిరిగొచ్చి రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే విశాఖలో పది, పిల్లలు పడుకునేసి ఉంటారు. ఈలోగా లోయ అంచున దిగిన గ్రూపు ఫొటో ఎవరి స్టేటస్‌లోనో కనబడి, భర్త ఆ ఫొటో ద్వారా సంగతి తెలుసుకుంటాడు. ఆ రాత్రి పోట్లాట అక్కడే పుడుతుంది. ఇంటికి చెప్పేదాకా ఎవరూ స్టేటస్ పెట్టకూడదని నలుగురూ ఒప్పుకుని బయల్దేరాలి. సాయంత్రం అయిదింటికి తిరుగుదారిలో టీ కోసం ఆగినప్పుడు ఫోన్ చెయ్యాలి. అప్పుడు విశాఖలో ఆరున్నర, పిల్లలు హోంవర్కు దగ్గర కూర్చుని ఉంటారు. "చాలా బాగుంది" అని ఊరుకోకుండా, మేకల సంతలో ధర ఎలా అరిచారో అరిచి చూపించండి. పిల్లలకి అది కావాలి.

ప్రతి ట్రిప్పుకీ ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లమని ఆఖరుగా అడుగుతాను. చూసిన వింతలు ఫొటోల్లో ఉంటాయి, అందులో రాయాల్సినవి వేరు. మరుగుదొడ్డి ఎక్కడుంది, శుభ్రంగా ఉందా. కారు ఆపిన చోటునుంచి ఎన్ని అడుగులు. నీడ ఎక్కడ. శాకాహారం దొరికే హోటలు ఏ మలుపులో. సుల్తాన్ ఖబూస్ పెద్ద మసీదులోకి ముస్లిమేతరుల్ని పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకానే రానిస్తారు, శుక్రవారం రానివ్వరు, ఆడవాళ్లకి తలమీద చున్నీ, మణికట్టుదాకా చేతులు ఉండాలి. కుటుంబాన్ని రప్పించుకోడానికి సంక్రాంతి సెలవులు మంచివి. అక్కడ చల్లగా ఉంటుంది, ఇక్కడ పిల్లలకి బడి ఉండదు. అప్పుడు ఆ నోట్‌బుక్ తీస్తే అత్తగారి మోకాళ్లకి నిజ్వా కోట మెట్లు పడవని, కింద నీడలో కూర్చోబెట్టొచ్చని, ఈలోగా పిల్లల్ని పైకి తీసుకెళ్లి పాకం పోసిన కన్నం చూపించి అరగంటలో దిగొచ్చని మీ చేతిరాతలోనే కనబడుతుంది.